స్తంభాలు కూల్చేముందు గాజును దించండి

అమెరికా రైలు, విద్యుత్ కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు బహిరంగ లేఖ

మిత్రులారా,

మీలో చాలామందితో నాకు ముఖపరిచయం లేదు, కానీ మీ పని తెలుసు. ఒమాహా, ఫోర్ట్‌వర్త్, జాక్సన్‌విల్, అట్లాంటా నగరాల్లో సరుకు రైళ్ల కంపెనీల పెద్దాఫీసులు ఉన్నాయి. అక్కడ సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో, దాన్ని పరీక్షించేవాళ్లలో, ప్రాజెక్టులు నడిపేవాళ్లలో, కాంట్రాక్టు కాగితాలు తయారుచేసేవాళ్లలో మనవాళ్లున్నారు. ఉగాది సంబరాల్లో పక్కన కూర్చున్నాయన్ని ఏం చేస్తుంటారని అడిగితే "పీటీసీ" అన్న జవాబు నేను ఒకటికి రెండుసార్లు విన్నాను. ఈ ఉత్తరం మీకే. కరెంటు కంపెనీల్లో ఉన్నవాళ్లకు కూడా.

2008 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ దగ్గర ఒక ప్రయాణికుల రైలూ ఒక సరుకు రైలూ ఎదురెదురుగా గుద్దుకుని 25 మంది చనిపోయారు. మరుసటి నెలలోనే చట్టం వచ్చింది. డ్రైవరు పొరపడినా బండి తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు, అంటే ఆ పీటీసీ, ముఖ్యమైన మార్గాలన్నిటిలో ఉండి తీరాలన్నారు. గడువులు జరిగి జరిగి 2020 చివరికి ఆ పని పూర్తయింది. అందులో మీ చేతి కష్టం ఎంతుందో నాకు తెలుసు. ప్రాణాలు కాపాడే పని అది, దానికి వంక పెట్టను.

అయితే కొత్త సిగ్నళ్లు, రేడియోలు, పట్టాల గుండానే సంకేతాలు పంపే పద్ధతి వచ్చాక పట్టాల పక్కనున్న పాత స్తంభాల వరసకు పని లేకుండా పోయింది. నిరుడు చూసిన స్తంభం ఈ ఏడు ఉండడం లేదు. ఆ స్తంభాలకు అడ్డంగా బిగించిన క్రాస్ ఆర్మ్‌ల మీద వరసగా కూర్చున్న గాజు ఇన్సులేటర్ల గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం.

మన ఊళ్లలో తంతి తీగలకు ఉండేవి పింగాణీవి. రైలు కిటికీ పక్కన కూర్చుంటే తీగ మీద పాలపిట్టా పసుల పోలిగాడూ కనిపించేవి, స్తంభం వచ్చినప్పుడల్లా తెల్లటి పింగాణీ గిన్నె ఒకటి వెనక్కి పరుగెత్తేది. అమెరికాలో దాని స్థానంలో ఎక్కువగా గాజు ఉంటుంది. ఇండియానాలో కాపురం పెట్టిన కొత్తలో, సాయంత్రం ఎండలో మొక్కజొన్న చేల పక్కన ఆ గాజు నీలిపచ్చగా వెలగడం చూసి కారు పక్కకు తీసి ఆపాను. ఈ ఇష్టం అప్పుడు పట్టుకున్నదే.

ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. బోర్లించిన చిన్న చెంబులా అరచేతిలో ఇముడుతుంది, కానీ పరిమాణానికి మించిన బరువు. మెడ చుట్టూ ఒక గాడి, తీగను ఆనించి కట్టింది అక్కడే. ఆ గాడిలో కట్టుతీగ ఒరుసుకున్న సన్నటి గీతలున్నాయి. ఒక పక్కన నల్లటి పొర. బొగ్గుతో నడిచిన ఇంజన్ల పొగ అది, పట్టాల వైపు తిరిగి ఉన్న పక్కనే పట్టింది. సేకర్తలు మామూలుగా దాన్ని ఆక్జాలిక్ ఆమ్లంలో నానబెట్టి కడిగేస్తారు. నేను దీన్ని కడగలేదు. గాజు లోపల అక్కడక్కడా బుడగలు చిక్కుకుని ఉన్నాయి. ముందువైపు ఉబ్బెత్తు అక్షరాల్లో "హెమింగ్రే-42", వెనకవైపు "మేడిన్ యు.ఎస్.ఎ." దాని కింద ఒక అంకె, ఒక చిన్న గీత, తర్వాత 38, ఆ పక్కన నాలుగు చుక్కలు. మొదటిది అచ్చు సంఖ్య. 38 అంటే ఆ అచ్చు 1938లో చేసింది, ఆపైన గడిచిన ప్రతి ఏడాదికీ ఒక చుక్క. అంటే ఈ గాజు 1942లో పోసింది. పనివాళ్ల గుర్తు కోసం వేసిన నాలుగు చుక్కలు ఇన్నేళ్ల తర్వాత నాకు పుట్టిన సంవత్సరం చెబుతున్నాయి.

తిరగేసి చూస్తే లోపల మరల చుట్లు కనిపిస్తాయి. మీరు ఇంజనీర్లు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. తొలి రోజుల ఇన్సులేటర్లలో ఈ మరలు లేవు. తారు పూసిన కొయ్య పిన్ను మీద గాజును ఊరికే నొక్కి కూర్చోబెట్టేవారు. ఎండకు కర్ర కుంచించుకుని, చలికి తీగ బిగుసుకుని పైకి లాగితే గాజు ఊడి వచ్చేది. లూయీ కావే అనే ఆయన గాజు లోపలే మరలు పోసే పద్ధతికి 1865 జులై 25న పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కు బ్రుక్లిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్ గాజు కంపెనీకి చేరింది. ఆ కంపెనీ పాత సరుకు మీద పేటెంటు తేదీతో పాటు న్యూయార్క్‌లోని ఆఫీసు చిరునామా కూడా పోతపోసి ఉంటుంది, కొన్నిటి మీద ఫుల్టన్ వీధి, కొన్నిటి మీద క్లిఫ్ వీధి. ఆఫీసు మారినప్పుడల్లా అచ్చూ మారింది. వీధి పేరును బట్టే సేకర్తలు గాజు వయసు పోల్చుకుంటారు.

మరల కింద లోపలివైపు ఇంకో అంచు ఉంటుంది, గిన్నెలో గిన్నెలా. కరెంటు గాజును చీల్చుకుని పోదు. వానకు తడిసి, దుమ్ము పట్టిన పైపొర వెంబడి పాకుతూ కర్రలోకి దిగుతుంది. లోపలి అంచు ఉంటే ఆ దారి పొడుగవుతుంది, వాన తగలని పొడిచోటు కొంత మిగులుతుంది. అట్టడుగు అంచున సన్నటి పళ్ల వరస ఉంది. అది హెమింగ్రే కంపెనీ ప్రత్యేకత, 1893 మే 2 నాటి పేటెంటు. నీరు ఆ మొనల దగ్గర చేరి బొట్లుగా రాలిపోవాలని, లోపలివైపు పాకకూడదని వాళ్ల ఆలోచన. రూపాయి ఖరీదు చేయని వస్తువులో ఇంత బుర్ర పెట్టారా అని ఇప్పటికీ వేలితో ఆ పళ్లను తడిమి చూస్తుంటాను.

హెమింగ్రే గాజు పని 1848లో సిన్సినాటిలో మొదలైంది. తర్వాత నది దాటి కెంటకీలోని కోవింగ్టన్‌కు, 1888లో ఇండియానాలోని మన్సీకి చేరింది. 1880లలో అక్కడ నేల కింద సహజవాయువు పడింది. కొలిమికి చవకగా మంట దొరుకుతుందని గాజు కంపెనీలు వరసగా వచ్చి వాలాయి. ఆ గ్యాసు ఎంతోకాలం నిలవలేదు, కొలిమి మాత్రం నిలిచింది. 1933లో ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీ చేతికి వెళ్లినా హెమింగ్రే పేరు మీదే పోత సాగింది, 1960లలో ఆగింది. నా బల్ల మీద ఉన్న 42వ రకాన్ని లెక్కలేనంతగా పోశారు. సేకర్తల వాడుకలో అది సీడీ 154. వుడ్‌వర్డ్ అనే పరిశోధకుడు ఏ కంపెనీదైనా ఆకారాన్ని బట్టి ఒకే సంఖ్య ఉండేలా కూర్చిన పట్టికలోది ఆ అంకె.

రంగుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పేచీ అంతా అక్కడే ఉంది. ఆ నీలిపచ్చ ఎవరూ కావాలని వేసింది కాదు, ఇసుకలో కలిసిన ఇనుము పెట్టిన రంగు. బ్రూక్‌ఫీల్డ్ వాళ్లు పగిలిన సీసాలూ తుక్కు గాజూ కొలిమిలో పోసేవారు కాబట్టి వాళ్ల సరుకులో ముదురాకుపచ్చలు, తేనెరంగు చారలు కనిపిస్తాయి. గాజును తెల్లబరచడానికి మాంగనీసు కలిపిన చోట మరో వింత జరిగింది. ఎండలో ఏళ్లు గడిచేకొద్దీ అది వంగపండు ఛాయకు తిరిగింది. లాంగ్‌బీచ్‌లో 1912 తర్వాత కొద్ది ఏళ్లే నడిచిన కాలిఫోర్నియా కంపెనీ గాజులో ఈ ఛాయలు చూడాలి. వాటిని చూసినప్పుడు ఎవరైనా కొనాలనుకుంటారు. కాబట్టే దొంగరంగులు కూడా పుట్టాయి. మామూలు గాజును రేడియేషన్‌కు గురిచేసి ఊదాగా మార్చి అమ్ముతున్నారు, కొందరు రంగు పులుముతున్నారు.  అలా మార్చిన గాజు మీద ఎండ రాసిన అసలు చరిత్ర పోయినట్టే. ఈ మోసానికి విరుగుడు ఒకటే: ఈ గాజు ఫలానా మార్గంలో, ఫలానా మైలురాయి దగ్గర, ఫలానా ఏడు దించింది అని చెప్పే కాగితం. ఆ కాగితం పుట్టించగలిగిన చోట కూర్చున్నది మీరు.

రైలుకూ తంతికీ ఉన్న బంధం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా రెండు సంగతులు గుర్తు చేస్తాను. 1851లో ఈరీ రైలు మార్గంలో చార్లెస్ మైనాట్ అనే అధికారి ఎదురుగా రావలసిన బండి ఎక్కడుందో తంతి ద్వారా కనుక్కుని, తన బండిని ముందుకు నడిపించాడు. డ్రైవరు భయపడి ఒప్పుకోకపోతే తనే ఇంజన్ ఎక్కాడని చెబుతారు. తీగ మీద వచ్చిన మాటను నమ్మి బండి కదలడం అక్కడ మొదలు. మీరు రాస్తున్న ప్రోగ్రాం ఆ మాటకు మునిమనవడు. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీలో తూర్పు పట్టా, పడమటి పట్టా కలిసినప్పుడు దేశమంతటికీ "డన్" అన్న ఒక్క మాట వెళ్లింది. వెళ్లింది పట్టాల పక్కన వేసుకుంటూ వచ్చిన తీగ మీదే, ఆ తీగలో సంకేతం నేలలోకి జారిపోకుండా కాచినవి ఇన్సులేటర్లే.

కరెంటు కంపెనీల్లో ఉన్నవాళ్లకు ఇంకో ముచ్చట. 1890ల చివర్లో యూటాలోని ప్రోవో లోయలో టెల్లూరైడ్ కంపెనీ 40,000 వోల్టుల లైను వేసింది. అప్పటికి అది సాహసమే. ఆ లైను కోసం గొడుగులాంటి వెడల్పాటి అంచుతో పోసిన గాజు రకానికి సేకర్తలు ఇప్పటికీ "ప్రోవో టైపు" అనే పేరే వాడతారు. ఆ తర్వాత వోల్టేజీ పెరిగేకొద్దీ పింగాణీ పైచేయి సాధించింది. న్యూయార్క్ రాష్ట్రంలో విక్టర్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ లాక్ పింగాణీ మీద చేసిన కృషి అందుకు ముఖ్య కారణం. మీరు ఈ రోజు సబ్‌స్టేషన్‌లో చూసే ప్రతి పింగాణీ తొడుగు వెనకా ఆ కొన్నేళ్ల పోటీ ఉంది. ఆ పోటీకి మిగిలిన సాక్ష్యాలు పాత స్తంభాల మీద, పాత గోదాముల మూలల్లో ఉన్నాయి.

ఇక అసలు మాట. ఒక చిన్న ఊరి సైడింగ్ పక్కన స్తంభాలు కూల్చిన మర్నాడు నేను వెళ్లాను. రోడ్డు మీద నిలబడే చూశాను, కంచె దాటలేదు. స్తంభాలను మొదట్లో కోసి పడేశారు. క్రాస్ ఆర్మ్‌లను యంత్రంతో పోగేసి తొక్కించారు. కర్ర ముక్కల మధ్య, కంకరలో, గడ్డిలో నీలిపచ్చ పెంకులు. అక్షరాలున్న ఒక ముక్క మీద "బ్రూక్" వరకే కనిపించింది. అంటే అది నా బల్ల మీదున్న గాజు కంటే పాతది, ఎవరో లైన్‌మన్ పాతదాన్ని తీయకుండా అలాగే ఉంచేసి ఉంటాడు. ఆ స్తంభం మీద ఎన్ని రకాలు కలిసి ఉండేవో, ఏది ఎప్పుడు మార్చారో ఇక ఎవరూ చెప్పలేరు. పని చేసినవాళ్లను నేను తప్పుపట్టను. గంటకింత అని లెక్క, ఇన్ని మైళ్లు ఇన్ని రోజుల్లో ఖాళీ కావాలని కాగితంలో రాసి ఉంది. గాజు గురించి ఆ కాగితంలో ఒక్క మాట లేదు. ఆ కాగితం రాసేది, లేదా రాసినవాళ్ల పక్క గదిలో కూర్చునేది మీరు. నేను తెలుగులో మీకే రాయడానికి కారణం అదే.

నేను అడిగేది పెద్ద పని కాదు. తీగ తెగిపోయి, స్తంభం నేల మీద పడుకున్నాక ఇన్సులేటర్‌ను చేత్తో తిప్పితే ఊడి వస్తుంది, కావే గారి మరలు ఇప్పటికీ అంత చక్కగా పనిచేస్తాయి. బిగుసుకుపోతే పిన్నుతో సహా క్రాస్ ఆర్మ్ ముక్కను కోసి పక్కన పెట్టినా సరే. వాటిని గంపల్లో వేసి, ప్రతి గంపకూ మైలురాయి అంకె రాసిన చీటీ కట్టి, రోడ్డు దాటే చోట ఉంచాలి. ఆ కౌంటీ చరిత్ర సంఘానికో, సేకర్తల సంఘానికో ముందుగా ఒక ఫోన్ చేస్తే వాళ్లే బండి తెచ్చుకుని పట్టుకుపోతారు. 1973 నుంచి నేషనల్ ఇన్సులేటర్ అసోసియేషన్ ఉంది, 1969లో మొదలైన "క్రౌన్ జ్యూయెల్స్ ఆఫ్ ది వైర్" పత్రికను నమ్ముకుని ఒక తరమంతా పెరిగింది, రాష్ట్రాల వారీ క్లబ్బులున్నాయి. పిలిస్తే పలికే మనుషులు వాళ్లు.

మీ న్యాయవిభాగం వెంటనే అడ్డు చెబుతుందని నాకు తెలుసు. పట్టాల మీదకు జనాన్ని రానివ్వమని నేను అడగడం లేదు. పట్టాల పక్క స్థలం కంపెనీది, అక్కడ అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, ప్రాణాపాయం కూడా. సిగ్నళ్లకు కరెంటు మోసే తీగ కూడా చాలాచోట్ల అదే స్తంభం మీద ఉంటుంది, చూడ్డానికి చచ్చిన లైనులా ఉన్నది చచ్చినదని ఏ బయటివాడూ చెప్పలేడు. నిలబడి ఉన్న స్తంభం ఎక్కి గాజు తీసుకోవడం దొంగతనం. సేకర్తల్లో మర్యాద తెలిసినవాళ్లు ఆ పని చేయరు, చేసేవాళ్లను నేను వెనకేసుకురాను. కంపెనీ మనుషులే, కంపెనీ పద్ధతుల్లోనే, నేల మీద ఉన్నవాటిని దించి ఇవ్వాలని మాత్రమే నా కోరిక. చట్టబద్ధమైన దారి ఒకటి తెరిచి ఉంటే కంచె దూకేవాళ్లూ తగ్గుతారని నా నమ్మకం.

ఖర్చు మాట వస్తుంది. ఎక్కువ దొరికే రకాలకు కొద్ది డాలర్లకు మించి ధర పలకదు, కాబట్టి కంపెనీకి వచ్చే ఆదాయం లేదు, వదులుకునే ఆదాయమూ లేదు. ఆ పగిలిన గాజును కంకరలోంచి ఏరడానికో, అలాగే వదిలేసి తర్వాత మాట పడడానికో అయ్యే ఖర్చు కంటే గంపలో వేయడం ఎక్కువేమీ కాదు. అన్నిటినీ దాచమని కూడా నా పట్టుదల కాదు. మైలుకు ఒక స్తంభం గాజు అయినా, దాని చోటు తెలిసి, పగలకుండా చేతికొస్తే చాలు. పాత స్టేషను ఏదైనా మ్యూజియంగా మారిన ఊళ్లో మాత్రం ఒక స్తంభాన్ని క్రాస్ ఆర్మ్‌లతో, తీగ ముక్కలతో సహా నిలబెట్టి ఉంచండి. పిల్లలకు వరస వరసగా చూపించాలంటే అలా ఉండాలి. అద్దాల బీరువాలో ఒక్కటి పెడితే అది ఏం చేసిందో వాళ్లకు తెలియదు.

మీకు మాత్రమే చేతనయ్యే పని ఇంకొకటుంది. పాత లైన్ల పటాలు, ఏ స్తంభానికి ఎన్ని తీగలు, ఏ ఏడు ఏది మార్చారో రాసుకున్న పుస్తకాలు మీ ఆఫీసుల బీరువాల్లో, డివిజన్ గదుల్లో ఇంకా ఉండొచ్చు. కొత్త వ్యవస్థ వచ్చాక అవి కూడా చెత్తబుట్ట వైపు నడుస్తాయి. స్కాన్ చేసేవాళ్లు లేకపోతే మీరు అడగండి. ఆ పటం లేని గాజు సగమే. నా బల్ల మీదున్న గాజు 1942లో మన్సీలో పుట్టిందని చుక్కలు చెప్పాయి కానీ ఆ తర్వాత ఏ లైను మీద ఉంది, ఎవరి మాటలు మోసింది, సైనికుల బండ్ల ఆర్డర్లా, ఇంటికి వెళ్లిన చావు కబురా అన్నది చెప్పడానికి చుక్కలకు శక్తి లేదు. అమ్మినవాడికీ తెలియదు.

"మనది కాని దేశంలో, మనది కాని గాజు కోసం ఇంత ఆరాటమా" అని ఒక స్నేహితుడు అడిగాడు. మీలోనూ కొందరికి అనిపించవచ్చు. మన పిల్లలు ఈ ఊళ్లలో పుట్టారు, మన జీతాలు ఈ పట్టాల మీద నడిచే బండ్ల నుంచి వస్తున్నాయి, ఈ గాజు దించే కాగితం మీద మన సంతకం పడుతోంది. ఇంకేం కావాలి మనది కావడానికి? భారతదేశంలో 2013 జులై 14న తంతి సేవ చివరిరోజున జనం బారులు తీరి ఆఖరి టెలిగ్రాం పంపుకున్నారు, ఆ కాగితాలను చాలామంది దాచుకున్నారు. ఆ తీగలను దశాబ్దాల పాటు మోసిన పింగాణీ గిన్నెల గురించి మాత్రం ఎక్కడా ఒక మాట నా చెవిన పడలేదు. అక్కడి రైల్వేల్లో, విద్యుత్ శాఖల్లో మీకు బంధువులు, సహాధ్యాయులు ఉంటారు. ఈ ఉత్తరం వాళ్లకూ పంపండి, ఊరి చివర గోదాములో ఒక మూట మిగిలి ఉండొచ్చు.

చివరగా, మీ తర్వాతి కాంట్రాక్టు ముసాయిదాలో చేర్చడానికి వీలుగా నాలుగు వాక్యాలు రాసి పెట్టాను, మీ భాషలోకి మీ లాయర్లు మార్చుకుంటారు: "స్తంభాలను నేలకు దించిన తర్వాత, క్రాస్ ఆర్మ్‌లను నలగగొట్టే ముందు, పగలని ఇన్సులేటర్లను కాంట్రాక్టరు విడదీయాలి. ప్రతి మైలుకు వేరు గంప వాడి, దాని మీద మార్గం పేరు, మైలురాయి అంకె, తేదీ రాయాలి. గంపలను కంపెనీ చూపిన చోట, పట్టాలకు దూరంగా, 30 రోజులు ఉంచాలి. ఆ గడువులో స్థానిక చరిత్ర సంఘం గానీ నమోదైన సేకర్తల సంఘం గానీ రాతపూర్వకంగా కోరితే ఉచితంగా అప్పగించాలి."

ఇందులో మార్చవలసినదేదైనా ఉంటే ఈ పత్రిక ద్వారానే నాకు రాయండి. మీ ఆఫీసులో ఎవరిని అడగాలో చెప్పినా చాలు, అడిగే పని నేను చేస్తాను.

ఇట్లు,
ఇండియానా నుంచి ఒక తెలుగు సేకర్త